ఎడారిలోని కాంక్రీటు బాణములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, యూటా రాష్ట్రమందలి సెయింట్ జార్జి పట్టణము చెంత ఒక మిట్టపై పెద్ద కాంక్రీటు బాణము నేలను అంటి యున్నది. పశ్చిమ రాష్ట్రములలో ఇట్టివి ఇంకను పెక్కుచోట్ల కలవు. 50 నుండి 70 అడుగుల పొడవు గల వీనిని ప్రక్కన నిలిచి చూచిన వానికి ఇవి ఏ పాతయింటి పునాదులో అనిపించును. ఆకాశము నుండి చూచుటకే వీనిని నిర్మించిరి.

అచ్చట 1918 మే 15న వాషింగ్టను, న్యూయార్కు నగరముల మధ్య విమాన టపా ఆరంభమైనది. 1920లో న్యూయార్కు నుండి శాన్ ఫ్రాన్సిస్కో వరకు మార్గము ఏర్పడెను. చోదకునకు పైకప్పు లేదు, రేడియో లేదు. రైలుపట్టాలను, నదులను చూచుకొనుచు పోవలెను. దిక్సూచి యుండగా దారి తప్పుట యేల యని విద్యార్థులు అడుగవచ్చును. భూమి యొక్క అయస్కాంత క్షేత్రము అచ్చట నేలకు సమాంతరముగా లేక, క్రిందికి వాలియుండును. ఈ వాలునే అవపాతమందుము. అమెరికా మధ్యభాగమున అది సుమారు 70 డిగ్రీలు. విమానము మలుపు తిరుగునపుడు ఒక ప్రక్కకు ఒరుగును. దానితోపాటు దిక్సూచియు ఒరుగును. అప్పుడు క్షేత్రములోని నిలువు భాగము సూదిని తప్పుదిక్కునకు లాగును. మబ్బులలో చిక్కి మలుపు తిరుగు చోదకునకు, సరిగా అవసరమైన క్షణముననే అది అబద్ధమాడునన్నమాట! 1918-1927 సంవత్సరముల మధ్య ఈ ప్రభుత్వ సేవలో ముప్పదిమందికి పైగా చోదకులు మరణించిరి.

మొదట రాత్రులందు టపాను రైలుకు అప్పగించెడివారు. అట్లయిన విమానము వలన లాభమెంత? 1921 ఫిబ్రవరి 22న, రాత్రియు ఎగిరి చూడవలెనని నాలుగు విమానములు బయలుదేరినవి. ఒకటి నెవాడాలో కూలి చోదకుడు మరణించెను. జాక్ నైట్ అనునతడు నార్త్ ప్లాట్ నుండి, జనులు వేసిన నెగళ్లే గురుతులుగా, ఒమాహా చేరెను. అచ్చట టపాను అందుకొనవలసిన చోదకుడు రాలేదు. తానెన్నడును పోని దారిలో, రోడ్ల పటము చేతబట్టుకొని, నైట్ చికాగో వరకు పోయెను. ఆ టపా 33 గంటల 20 నిమిషములలో దేశమును దాటినది.

నెగళ్లకు బదులు 1923లో చికాగో, షయాన్ నగరముల మధ్య దీపములు వెలసినవి. పిమ్మట స్థిరపడిన పద్ధతి యిది. సుమారు 10 మైళ్లకొక స్తంభము. పైన 24 అంగుళముల దర్పణము గల దీపము. అది నిమిషమునకు 6 సార్లు తిరుగును గనుక 10 సెకండ్లకొక మెరుపు కనబడును. దాని క్రింది రంగుదీపము మోర్సు సంకేతమున ఒక అక్షరమును పంపును. పది స్తంభములకు పది అక్షరములు, ఆపైన మరల మొదటినుండి. రెండవ అక్షరము కనబడినచో తాను 20వ మైలునో, 120వ మైలునో ఉన్నట్లు చోదకుడు గ్రహించును. ఆ దీపము ఆకుపచ్చనిదైన దిగుటకు చోటున్నది, ఎఱ్ఱనిదైన లేదు. పగటివేళ కొరకు స్తంభము అడుగున పసుపురంగు పూసిన బాణము ఉండెడిది.

రేడియో మార్గములు వచ్చిన పిదప స్తంభములను క్రమముగా విప్పివేసిరి. కాంక్రీటు మాత్రము చాలచోట్ల మిగిలినది. న్యూ మెక్సికోలోని గ్రాంట్స్ విమానాశ్రయమున స్తంభము, విద్యుద్యంత్రపు గది, బాణము మూడింటిని ఒకచోట చూడవచ్చును. అట్టి గదుల కప్పులపై స్తంభపు సంఖ్యను, పైనుండి చదువుటకు వీలుగా, పెద్ద అంకెలతో వ్రాసెడివారు.