సూది ఎవరి చేతిలో ఉండవలెను?

పదవ తరగతి ముగించి దూరపు కళాశాలలో చేరబోవు విద్యార్థికి మొదటి రకపు మధుమేహము ఉన్నదనుకొందము. ఇంతవరకు ఇన్సులిన్ మోతాదు లెక్కించినది తల్లి. వేళకు గుర్తుచేసినది తండ్రి. హాస్టలులో వారిద్దరును ఉండరు.

ఈ వ్యాధి తీపి తినుటవలన వచ్చునది కాదు. శరీరపు రక్షణశక్తియే దారితప్పి, క్లోమములో ఇన్సులిన్‌ను తయారుచేయు బీటా కణములను నాశనము చేయును. 1922 జనవరిలో టొరాంటోలో మొట్టమొదట ఇన్సులిన్ చికిత్స పొందిన లియొనార్డ్ థాంప్సన్ 14 ఏండ్ల బాలుడే. అంతకుముందు ఇట్టి పిల్లలు ఎక్కువకాలము బ్రతికెడివారు కారు. నేడు వారు కళాశాలలకు వెళ్లుచున్నారు.

ఇన్సులిన్ మోతాదు స్థిరమైన అంకె కాదు. ఆటలాడునపుడు కండరములు రక్తములోని గ్లూకోజును ఎక్కువగా తీసికొనును, చక్కెర పడిపోవును. పరీక్షల దిగులు అడ్రినలిన్, కార్టిసాల్‌లను పెంచి దానిని పైకి లేపును. యౌవనారంభమున హార్మోనులు ఇన్సులిన్ పనికి అడ్డువచ్చును. ఈ లెక్క బట్టీపట్టిన వచ్చునది కాదు. పొరపాట్లు జరిగియే తీరును. అవి ఇంటిలో, పెద్దల కన్నులయెదుట జరుగుట మేలు. కనుక ఎనిమిదవ తరగతినుండియే కొలిచి వ్రాసికొనుట పిల్లవాని పని కావలెను. తరువాత మోతాదు అతడు చెప్పగా తల్లి సరిచూడవలెను. వైద్యుని ప్రశ్నలకు అతడే బదులు చెప్పవలెను. (మన యిండ్లలో కుర్రవానిని అడిగిన తండ్రి పలుకును!)

చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకన్న తగ్గినచో చెమట, వణుకు, తికమక కలుగును. 15 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి త్రాగి, 15 నిమిషములు ఆగి మరల కొలువవలెను. తెలివి తప్పినవాని నోటిలో ఏమియు పోయరాదు. వెంటనే వైద్యసహాయము పిలువవలెను. ఆ సమయమున ప్రక్కనుండునది గదిలోని స్నేహితుడే. అయినను "ఎవ్వరితోను చెప్పకుము" అని, ముఖ్యముగా ఆడపిల్లలకు, పెండ్లి సంబంధములకు జడిసి బోధించు తల్లిదండ్రులు ఉన్నారు. ఆ రహస్యము ప్రాణాంతకము కావచ్చును. ఉపాధ్యాయులకును తెలియవలెను. ఇట్టి విద్యార్థులు పరీక్షగదిలోనికి గ్లూకోజు బిళ్లలు, పండ్లు వంటివి తెచ్చుకొనుటకు సి.బి.ఎస్.ఇ. 2017లో అనుమతించినది.

హాస్టలులో ఫ్రిజ్ లేనిచో, నీరు చొరని డబ్బాలో ఇన్సులిన్‌ను ఉంచి, ఆ డబ్బాను నీడనున్న మట్టికుండ నీటిలో పెట్టవచ్చును. కుండ పైన చెమర్చిన నీరు ఆవిరియగుచు వేడిని లాగికొనును.

ఫోనులో మొదటి మాటగా "చక్కెర ఎంత?" అని రోజూ అడుగు తల్లికి కొన్నాళ్లకు నిజమైన అంకె వినబడకపోవచ్చును. అంతకన్న ముందే ఒక ఒప్పందము చేసికొనుట మంచిది: వాంతులైనను, జ్వరము వచ్చి అన్నము సహింపకున్నను ఇన్సులిన్ పూర్తిగా మానడు, ఆ రాత్రియే ఇంటికి ఫోను చేయును. మిగిలిన దినములలో అమ్మ భోజనము సంగతి, స్నేహితుల సంగతి అడుగును.