ఎనిమిది కలిసొచ్చిన జూడీ!

ఎనిమిది శని నంబరు, కారుకి కూడా వద్దంటారు కదా! అయితే బ్రిటిష్ నటి జూడీ డెంచ్ లెక్క చూడండి.

‘షేక్‌స్పియర్ ఇన్ లవ్’లో మొదటి ఎలిజబెత్ రాణిగా ఆవిడ కనిపించింది ఇంచుమించు 8 నిమిషాలు. దానికే ఆస్కార్ కొట్టేశారు! మన దగ్గర హీరోగారి ఎంట్రీకే అంతసేపు పడుతుంది.

మీ మొహం సినిమాకు పనికిరాదని తొలిరోజుల్లో ఒకాయన తేల్చేశాడు, మీకు తెలుసా? ఆ మొహానికి ఆస్కార్ నామినేషన్లు 8. మొదటిది 63 ఏళ్లకు. అంటే, మనవళ్లని బడికి దింపే వయసులో! ఎనిమిదోది ‘బెల్‌ఫాస్ట్’కి, 87 ఏళ్లకు. ఆ పెద్దమనిషి ఇవన్నీ చూశాడో లేదో!

అసలు ఆవిడ అవుదామనుకున్నది నటి కాదు, సెట్ డిజైనర్. 1957లో ‘హామ్లెట్’ నాటకంలో ఒఫీలియాగా రంగస్థలం ఎక్కారు. సెట్లు గీసే పని ఇంకెవరికో దక్కింది.

1968లో లండన్‌లో ‘క్యాబరే’ సంగీత నాటకానికి పాట వినిపించడానికి పిలిస్తే, సిగ్గేసి స్టేజీ పక్కన తెర చాటునే నిలబడి పాడారు. మనిషి కనిపించకుండానే హీరోయిన్ వేషం వచ్చేసింది!

ఇక పిల్లుల గొడవ. 1981లో ‘క్యాట్స్’ సంగీత నాటకం రిహార్సల్లో మడమ పైనుండే స్నాయువు పుటుక్కున తెగింది. వేషం ఎలైన్ పెయిజ్‌కు పోయింది. అందులోని ‘మెమరీ’ పాటతో ఎలైన్ పేరు మోగిపోయింది. జూడీ ఊరుకున్నారా? 38 ఏళ్లాగి, 2019లో ‘క్యాట్స్’ సినిమాలోనే పిల్లుల పెద్దగా దిగారు. స్టేజీ మీద అది మగపిల్లి వేషం! సినిమా మాత్రం బోర్లా పడింది. అది వేరే కథ, పిల్లికి తొమ్మిది ప్రాణాలున్నా సరిపోలేదు.

బాండ్‌కు ఆర్డర్లేసే ‘ఎం’గా ఎన్ని సినిమాలు? ఊహించారా? 8! ఏడో దాంట్లో, ‘స్కైఫాల్’లో, చనిపోయారు. అయినా ఎనిమిదో దాంట్లో వీడియోలో వచ్చి పని పురమాయించారు. చచ్చినా వదలని బాస్ అంటే ఈవిడే!

విక్టోరియా రాణి వేషం రెండుసార్లు, 20 ఏళ్ల తేడాతో వేశారని మీకు తెలుసా? 1997లో స్కాట్లాండ్ సేవకుడితో స్నేహం, 2017లో మన ఆగ్రా అబ్దుల్ కరీం దగ్గర ఉర్దూ పాఠాలు. రాణిగారి స్నేహాలన్నీ ఈవిడ ఖాతాలోకే!

లండన్ నాటకరంగంలో ఆలివియే అవార్డే పెద్ద కిరీటం. 1996లో ఒకే రాత్రి రెండు పట్టుకెళ్లారు, ఒకటి నాటకానికి, ఒకటి సంగీత నాటకానికి. ప్రత్యేక పురస్కారంతో కలిపి మొత్తం ఎన్ని? మళ్లీ 8! నటీనటుల్లో అంతకన్నా ఎక్కువున్నవాళ్లు లేరు.

షూటింగ్ ఖాళీల్లో దిండు గలీబులకు బూతుమాటలు కుట్టేవారని తెలుసా? అందమైన అక్షరాల్లో! ఏం కుట్టారో ఇక్కడ అచ్చువేయలేం.

చూపు మందగించి స్క్రిప్టు చదవలేకపోతే, పక్కనెవరైనా చదువుతుంటే విని డైలాగులు కంఠతా పట్టేశారు. మనకేమో సొంత ఫోన్ నంబరే గుర్తుండదు!

చివరగా ఒకటి. ఆవిడ తొలి పచ్చబొట్టు ఎప్పుడు పొడిపించుకున్నారో తెలుసా? 81వ పుట్టినరోజుకి, కూతురు ఇచ్చిన కానుకగా, మణికట్టు మీద. ఎనభై ఒకటి... అందులోనూ 8 ఉంది, చూసుకోండి!