గెలిపించిన గురువు

శిష్యుల గెలుపులో తన గెలుపును చూచుకొనువాడే గురువు. సింగపూరు ఫుట్‌బాల్ చరిత్రలో చూ సెంగ్ క్వీ అట్టివాడు.

1914లో జన్మించిన ఆయన తొలుత ఆటగాడు. పిమ్మట శిక్షకుడై ఇండొనీషియా, మలయా జట్లకును ఆట నేర్పెను. ఆటగాండ్రు ఆయనను ‘అంకుల్ చూ’ అని ఆప్యాయముగా పిలిచెడివారు. కాని క్రమశిక్షణలో ఆయన కఠినుడు. సాధనకు ముందు జాతీయగీతము పాడి తీరవలసినదే!

1977లో జట్టును తీర్చిదిద్దుచున్న దినములలో ఆయన పాదము గాయపడెను. అయినను మైదానమును వీడలేదు. మే 28న కౌలాలంపూరులో సింగపూరు అదనపు సమయమున పెనాంగును 3-2 గోలులతో ఓడించి, 12 ఏండ్ల పిమ్మట మలేషియా కప్పును గెలుచుకొనెను.

కప్పు దక్కినది, కుళ్ళిన కాలు దక్కలేదు. వైద్యులు దానిని తొలగించిరి. 1983లో ఆయన కన్నుమూసెను.

శిష్యుల నుండి కఠోరశ్రమను కోరు హక్కు, తనను తాను మన్నించుకొనని గురువునకే కలదు.