కడుపుతో ఉన్నప్పుడు కామెర్లు వస్తే పసరుతో సరిపెట్టొద్దు

అపోహ: కామెర్లకు పసరు మందు ఉండగా ఆసుపత్రి ఎందుకు?

వాస్తవం: కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఇ చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం పసరుకో, చేతిమీద పెట్టిన వాతకో దక్కుతుంది. మరిదికి తగ్గింది కదా అని నిండు చూలాలికీ అదే పోయిస్తారు. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. చివరి మూడు నెలల్లో ఈ వైరస్ సోకితే కాలేయం ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. అలా సోకిన గర్భిణుల్లో 20 నుంచి 25 శాతం దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. బిడ్డ కడుపులోనే పోవచ్చు, నెలలు నిండకుండానే పుట్టవచ్చు.

1955 చివర్లో ఢిల్లీ తాగునీటిలో మురుగు కలిసి దాదాపు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. చాలామంది కోలుకున్నారు. గర్భిణుల్లో మాత్రం మరణాల శాతం మిగతావారికంటే బాగా ఎక్కువ. దానికి కారణమైన ఈ హెపటైటిస్-ఇ వైరస్‌ను గుర్తించింది 1980లలో.

అపోహ: మూత్రం పచ్చగా వస్తే వేడి చేసినట్టే, మజ్జిగ తాగితే పోతుంది.

వాస్తవం: నీళ్లు తక్కువ తాగినా మూత్రం పచ్చబడుతుంది, నిజమే. కానీ దానితోపాటు కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, అన్నం సయించకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. మత్తుగా పడుకుని ఉన్నా, మాట తికమకపడినా, ఎక్కడినుంచైనా రక్తం కారుతున్నా తెల్లవారేదాకా ఆగొద్దు. నెలలు నిండేటప్పుడు వచ్చే కామెర్లకు వైరస్ ఒక్కటే కారణం కాదు, గర్భం వల్లనే కాలేయం దెబ్బతినే జబ్బులూ ఉన్నాయి. ఏదో తేల్చేది రక్తపరీక్షే.

అపోహ: తేటగా ఉన్న నీళ్లు మంచివే.

వాస్తవం: వైరస్ కంటికి కనబడదు. గర్భిణికి కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి.

అపోహ: హెపటైటిస్-బి ఉన్న తల్లి బిడ్డకు పాలివ్వకూడదు.

వాస్తవం: ఇవ్వవచ్చు, ఇవ్వాలి. ఈ వైరస్ నీటివల్ల రాదు, రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లినుంచి బిడ్డకు సోకుతుంది. బాలింతకు కంచం, గ్లాసు వేరుచేసి పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆమె మనసు విరిగిపోవడం తప్ప. పుట్టుకతో సోకిన పిల్లల్లో దాదాపు 90 శాతం మందికి అది దీర్ఘకాలం ఉండిపోతుంది. అందుకే గర్భిణికి మొదటి నెలల్లోనే హెపటైటిస్-బి పరీక్ష చేయించాలి. వైరస్ ఉన్నట్టు తేలితే పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. మిగతా డోసులు 6, 10, 14 వారాలకు పడతాయి.