కందకముల నడుమ క్రిస్మసు

1914వ సంవత్సరము ఆగస్టు నెలలో ఐరోపాఖండమున మహాసంగ్రామ మారంభమైనప్పుడు, క్రిస్మసునాటికి ఇండ్లకు మరలి వత్తుమని పెక్కుమంది సైనికులు తలంచిరి. కాని డిసెంబరు వచ్చునప్పటికి బెల్జియము, ఫ్రాన్సు దేశములలో ఇరుపక్షములవారును కందకములు త్రవ్వుకొని బురదలోను చలిలోను ఎదురెదురుగా నిలిచి యుండిరి. కొన్ని చోట్ల ఆ కందకముల నడుమ నూరు గజముల దూరమైనను లేదు. ఒకరి మాటలు మఱియొకరికి వినబడుచుండెను. నడుమనున్న నేలపై మృతదేహములు పూడ్చు దిక్కులేక పడియుండెను.

పండుగకైనను యుద్ధము నిలుపుడని పదునైదవ బెనెడిక్టు పోపుగారు వేడిరి. ప్రభుత్వము లందుకు సమ్మతింపలేదు. ప్రభువులు చేయని పనిని సామాన్యసైనికులు చేసిరి. 24వ తేది రాత్రి జర్మనులు తమ కందకముల గట్లపై చిన్న చిన్న క్రిస్మసు చెట్లు నిలిపి, క్రొవ్వొత్తులు వెలిగించి, కీర్తనలు పాడిరి. ఆంగ్లేయులును కీర్తనలతోనే బదులు చెప్పిరి. మఱునాడు ఇద్దరు ముగ్గురు ఆయుధములు విడిచి బయటికి వచ్చిరి. తుపాకి మ్రోగలేదు. అది చూచి తక్కినవారును వచ్చిరి.

వారు తమ మృతులను పూడ్చుకొనిరి. పిమ్మట పొగాకును, తినుబండారములను, చొక్కా బొత్తాములను ఇచ్చిపుచ్చుకొనిరి. ఒక ఆంగ్లేయసైనికుడు మోకరించిన జర్మనుని తల వెండ్రుకలు కత్తిరించుట తాను చూచితినని, అప్పుడచ్చట నున్న చిత్రకారుడు బ్రూస్ బెయిర్న్స్‌ఫాదరు వ్రాసెను. నిన్నటి శత్రువు కత్తెరకు మెడ వంచుట సామాన్యమైన నమ్మకమా? మన దేశమునుండి ఫ్రాన్సునకు వెళ్లిన గర్వాల్ రైఫిల్సువారిలో కొందఱు కూడ ఆ దినమున జర్మనులను కలిసికొనిరి. క్రిస్మసు వారి పండుగ కాదు. ఐనను చెలిమికి అది యడ్డు కాలేదు.

ఈ సంధి యంతటను జరుగలేదు. ఇతరస్థలములలో ఆ దినముననే ప్రాణములు పోయెను. జరిగినచోట్ల సయితము కొలది దినములలో, కొన్నియెడల మఱునాడే, కాల్పులు మరల మొదలయ్యెను.

సేనాధిపతు లీ వార్త విని సంతోషింపలేదు. శత్రువుతో చెలిమి చేసిన సైనికుడు పోరాడ నిచ్చగింపడని వారి భయము. ఆంగ్లసేనాని స్మిత్ డోరియను డిసెంబరు 5వ తేదీననే యట్టి చెలిమిని నిషేధించి యుండెను. 1915లో ఆజ్ఞలు మఱింత కఠినమయ్యెను. అంత విస్తారమైన సంధి మరల జరుగలేదు. 1918 నవంబరు 11వ తేది వరకు యుద్ధము సాగెను.

బాలబాలికలారా! సేనాధిపతుల భయము నిష్కారణము కాదు. ముఖ మెఱుగని వానిపై తుపాకి పేల్చుట సులభము. చేయి కలిపి, ఇంటి ముచ్చటలు విన్న పిమ్మట నది కష్టము. పగ నిలుచుటకు ఎడబాటు కావలెను. మన వీధిలోను, మన తరగతిలోను ఎవరితోనైన మాటలు మానినప్పుడు ఈ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొందము. ఎవరో యొకరు ముందుగా గట్టు దాటి రావలెను గదా!