టంకసాల యంత్రం తప్పు చేస్తే

ఉత్తర సర్కారులలో చెలామణి కోసం 1794లో ఈస్టిండియా కంపెనీ తెప్పించిన రాగి నాణేలు బందరులోనూ తయారు కాలేదు, మద్రాసులోనూ తయారు కాలేదు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో మాథ్యూ బౌల్టన్ పెట్టిన టంకసాలలో, ఆవిరితో నడిచే యంత్రాలు వాటిని ముద్రించాయి. వాటిలో ఒక రకం నలభై ఎనిమిది ఇస్తే ఒక రూపాయి.

అంతకుముందు సమ్మెటతో కొట్టిన నాణెం మీద ముద్ర పక్కకు జరగడం, అంచు వంకరపోవడం మామూలే. ఏ రెండూ ఒకేలా ఉండనప్పుడు ఇది తప్పు నాణెం అని దేన్ని చూపిస్తాం? దొంగ రాగి నాణేల బెడద వదిలించాలని పట్టుబట్టిన బౌల్టన్, ప్రతి నాణెం ఒకే కొలతలో, ఒకే గుండ్రంలో వచ్చేలా 1788లో సోహో టంకసాలను మొదలుపెట్టాడు. ఎర్రర్ నాణెం అనే మాటకు అర్థం వచ్చింది అలాంటి యంత్రాల వల్లే. తప్పు నిజమైనదా, చేతిపనా అని తేల్చాలన్నా ఆ యంత్రాన్నే అడగాలి.

దాని పని మూడు అంచెలు. పంచ్ లోహపు రేకులోంచి బిళ్ళలు కోస్తుంది. రెండో యంత్రం బిళ్ళ అంచును చుట్టూ నొక్కి గట్టు లేపుతుంది. చివరికి ప్రెస్‌లో, ఉక్కు కాలర్ మధ్య కూర్చున్న బిళ్ళను పైనుంచీ కిందనుంచీ రెండు అచ్చులు ఒక్క దెబ్బతో నాణెం చేస్తాయి.

రేకు ముందుకు సరిగా జరగకపోతే పంచ్ పాత రంధ్రం మీద కొంత పడుతుంది. అలా వచ్చిన బిళ్ళ ఒక పక్క నెలవంకలా కొరికినట్టుంటుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన తప్పు ఇదే, ఎందుకంటే దాని సాక్ష్యం ఎదుటి అంచులో ఉంటుంది. గట్టు లేపే యంత్రం బిళ్ళను రెండు పక్కలనుంచీ నొక్కాలి. కోత ఉన్నచోట ఆనిక లేదు కనుక సరిగ్గా దానికి ఎదురుగా ఒత్తిడి చాలదు, గట్టు లేవదు. అసలు నాణేన్ని వేళ్ళ మధ్య తిప్పితే కోతకు ఎదురుగా అంచు పల్చబడి, చదునుగా తగులుతుంది. భూతద్దంలో చూస్తే కోత పక్కనున్న అక్షరాలు కూడా ఖాళీవైపు సాగినట్టు కనిపిస్తాయి, దెబ్బ పడినప్పుడు లోహం అటు పారింది కాబట్టి. బాగున్న నాణేన్ని ఇంట్లో కోసి ఆకురాయితో రుద్దితే ఎదుటి గట్టు నిండుగానే ఉంటుంది, అక్షరం సగంలో తెగిపోతుంది. చాలా నకిలీలు ఇక్కడే దొరికిపోతాయి.

మన సేకర్తలు లఖీ అనే నాణెం సంగతి వేరు. ముద్రపడిన నాణెం పై అచ్చుకు అతుక్కుని రాలకపోతే, తర్వాతి బిళ్ళ మీద దెబ్బ వేసేది ఆ నాణెమే. దాంతో ఒకవైపు మూడు సింహాలు ఉబ్బెత్తుగా, రెండోవైపు అవే సింహాలు అద్దంలో ప్రతిబింబంలా లోపలికి దిగి ఉంటాయి. నకిలీ చేసేవాళ్ళు రెండు నాణేలను వైస్‌లో బిగించి నొక్కుతారు. అక్షరాలు తిరగబడి దిగుతాయి నిజమే, కానీ వాటి కింద ముందే ఉన్న బొమ్మ నలిగి, చదునై మిగులుతుంది. అసలు లఖీలో ఆ వైపు అంతకుముందు ఏ బొమ్మా లేదు కనుక నలగడానికి ఏమీ ఉండదు.

రెండువైపులా బొమ్మే ఉన్న నాణెమైతే గట్టుకు లోపలి అంచు చూడండి. లేతులో తొలిచి, రెండు ముక్కలు కూర్చిన గీత అక్కడే దాగుతుంది. రాతి మీద పడేస్తే మోత మొద్దుగా వస్తుంది.

అమెరికా 1943 సెంటు మరీ ప్రసిద్ధం. యుద్ధానికి రాగి కావాలని ఆ ఏడాది సెంట్లను జింకు పూత పూసిన ఉక్కుతో చేశారు. మిగిలిపోయిన కొన్ని పాత రాగి బిళ్ళలు ప్రెస్‌లోకి జారి 1943 ముద్రతో బయటికొచ్చాయి. వాటి ధర విని ఉక్కు సెంట్లకు రాగి పూత వేసినవాళ్ళకు లెక్కలేదు. అవి అయస్కాంతానికి అంటుకుంటాయి. తూకంలోనూ దొరుకుతాయి, ఉక్కుది సుమారు 2.7 గ్రాములు, రాగిది 3.11. ఇంకొందరు 1948 రాగి సెంటు మీద 8ని గీకి 3 చేశారు. అక్కడ అయస్కాంతం పనికిరాదు, తూకం కూడా సరిపోతుంది. అప్పుడు పక్కన ఒక మామూలు 1943 ఉక్కు సెంటు పెట్టుకోవాలి. రెంటినీ కొట్టింది ఒకే రకం అచ్చులు కాబట్టి, 3 తోక ఎంత పొడుగుందో, ఎటు వంగిందో అసలు రాగి సెంటులోనూ అలాగే ఉండాలి.