వేట మాంసము – సీసపు విషము

చెన్నపట్టణపు రైల్వే స్టేషన్ల ముంగిళ్లలో పూసల దండలు అమ్ముకొను నక్కలవారు పెరంబూరు తెలుగువారికి క్రొత్తవారు కారు. తమిళులు వీరిని నరికురవలందురు. తెలుగునాట పిట్టలవారనియు పేరు కలదు. వీరి యింటి భాష ఆర్యభాషా కుటుంబమునకు చెందిన వాగ్రి. తరతరములుగా వలలు, ఉచ్చులు, నాటు తుపాకులు వీరికి జీవనాధారములు. ఉత్తరమున నెల్లూరు సీమ యానాదులకు చేపలు పట్టుట, ఎలుకలు పట్టుట కులవిద్యలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. అయినను చాటుమాటు వేట పూర్తిగా ఆగలేదు. పిట్టమాంసము కొని తినువారు పట్టణములందును కలరు. కావున ఆ మాంసముతోపాటు శరీరమున చేరునదేమో విచారింపవలసి యున్నది.

నాటు తుపాకిలో మందు దట్టించి సీసపు గుండ్లు వేయుదురు. సీసము మెత్తని లోహము. గుండు ఎముకకు తగిలినపుడు దానినుండి కంటికానని రేణువులు విడివడి కండలో చెదరును. వంట చేయువారు చేతికి తగిలిన గుండును తీసివేయుదురు గాని, ఆ రేణువులు కూరలోనే నిలిచిపోవును. సీసమును ఇంటియందే కరగించి గుండ్లు పోసికొను చోట్ల పొగ, ధూళి రూపమున మరికొంత విషము పిల్లల నోట చేరును.

వంట తీరు కూడ ఇందు ముఖ్యమే. పులుపు సీసమును కరగించును. స్పెయిను దేశపు శాస్త్రజ్ఞులు సీసపు గుండ్లు గల పూరేడు పిట్టల మాంసమును వెనిగరుతో వండి పరీక్షించి, పులుపు వలన సీసము మాంసములోనికి అధికముగా దిగుటను 2007లో ప్రకటించిరి. చింతపండు పులుసు కూడ ఆమ్లమే. కావున తెలుగువారికి ప్రియమైన పులుసుకూర, గుండు దెబ్బ తిన్న పిట్ట విషయములో ఎక్కువ జాగ్రత్త కోరును.

శరీరమున చేరిన సీసము కాల్షియమును పోలి ఎముకలలో స్థానము సంపాదించి దశాబ్దముల కాలము నిలుచును. గర్భిణి ఎముకలనుండి అది తిరిగి రక్తములోనికి వచ్చి గర్భస్థ శిశువును చేరును. తిన్న సీసములో పెద్దలు గ్రహించు దానికి నాలుగైదు రెట్లు పసిపిల్లలు గ్రహింతురు. ఇనుము, కాల్షియము కొరవడిన బిడ్డకు ఈ కీడు హెచ్చు. బుద్ధివికాసము కుంటుపడుట, రక్తహీనత దీని ఫలితములు. పిల్లలకు హాని చేయని సీసపు ప్రమాణమనునది లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రమున 2008లో 738 మంది రక్తమును పరీక్షింపగా, వేట మాంసము తినువారిలో సీసము తిననివారికంటె కొంత హెచ్చుగా కనబడినది. ఆ దేశము నీటిపక్షుల వేటలో సీసపు గుండ్లను 1991లో నిషేధించినది. డెన్మార్కు 1996లో సీసపు గుండ్లను పూర్తిగా తొలగించినది. ఐరోపా సమాఖ్య చిత్తడి నేలలలో 2023నుండి వీనిని మాన్పించినది. చెన్నపట్టణములో 756 మంది బడిపిల్లలపై జరిగి 2009లో వెలువడిన పరిశోధనలో, సగటున డెసిలీటరు రక్తమునకు 11 మైక్రోగ్రాములకు మించి సీసము కనబడినది. సీసము హెచ్చిన పిల్లలలో ఏకాగ్రత తగ్గుట గమనింపబడినది. నగరజీవనము వలననే ఇంత భారము మోయుచున్న పిల్లలకు ఆహారము ద్వారా మరికొంత చేరుట క్షేమము కాదు.

యానాదుల విషయమున ప్రమాదము వేరు మార్గమున వచ్చును. వారు ఎలుక బొరియలకు కుండతో పొగబెట్టి, ఊపిరాడక వెలువడు ఎలుకలను పట్టుదురు. ఈ పద్ధతిలో విషము లేదు. కాని అదే పొలమున రైతు జింకు ఫాస్ఫైడు ఎర పెట్టినచో ఎలుక కడుపులో ఆ మందు మిగిలియుండును. బ్రోమడయోలోన్ అను మందు ఎలుక కాలేయమున చాలకాలము నిలుచును. కావున మందు పెట్టిన పొలపు ఎలుకను తినకుండుట, ఇతరత్ర పట్టినదానిని పేగులు, కాలేయము తీసివేసి వండుకొనుట శ్రేయస్కరము. ఎర పెట్టిన సంగతి యానాదులకు ముందుగా తెలుపుట రైతు ధర్మము.

వేట మాంసము పేదల కంచమున మంచి మాంసకృత్తులను చేర్చినది. దానిని తినువారిని హీనముగా చూచుట తగదు. దోషము ఆహారములో లేదు, దానిలో చేరిన లోహములోను మందులోను కలదు. తమిళనాటి నరికురవలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చు బిల్లును పార్లమెంటు 2022 డిసెంబరులో ఆమోదించినది. ఆ హక్కుతోపాటు వారి పిల్లలకు రక్తపరీక్ష, గర్భిణులకు పోషకాహారము, కుటుంబములకు వేటకు మారుగా నిలకడయైన జీవనోపాధి అందిననాడే ఆ గుర్తింపు సార్థకమగును.